రెస్టు వారం

సమ్మన్న నోట నిజం వస్తే సిరొంచలో ఎవరూ నమ్మరు. పోయిన ఎండాకాలం బాబురావు సారు ఇంటికి ఉరికివెళ్లి, ఆయన కసరత్తు నేర్పే తాలీమ్‌లోని ఇనుప బిళ్లలన్నీ పాత సామాన్లవాడు బండికెత్తుకుపోతున్నాడని చెప్పాడు. సారు సగం గీసుకున్న గడ్డంతో బజారంతా పరిగెత్తాడు. తీరా చూస్తే బిళ్లలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ ముచ్చట చెప్పుకుని పక్కనున్న బామ్ని ఊరి దాకా నవ్వారు.

ఆ సారు దగ్గరే సమ్మన్న మేనకోడలు స్వాతి బరువులెత్తడం నేర్చుకుంటోంది. చంద్రపూర్ పోటీలో గెలిస్తే రాష్ట్ర జట్టులోకి తీసుకుంటారు. జూనియర్లలో ఆమెకు ఇదే ఆఖరి ఏడు. సారు పద్ధతి ఒకటే. మొదట తక్కువ బరువు, ఎక్కువసార్లు. పోటీ దగ్గరపడేకొద్దీ బరువు పెంచాలి, ఎత్తే సార్లు తగ్గించాలి. ఆఖరి వారం దాదాపు ఏమీ చేయొద్దు. ఒంట్లో పేరుకున్న అలసట దిగితేనే బలం బయటపడుతుందని చెప్పి ఇంటికి పంపాడు.

ఆ వారమే మబ్బు పట్టింది. కల్లం నిండా వడ్ల బస్తాలు. కూలీలు దొరకలేదు. స్వాతి తల్లి కనకవ్వ ఆకాశం వంక చూస్తూ గొణుక్కుంటోంది. స్వాతి మాత్రం అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"పండుకుంటె బలమొస్తదా కోడలా? గట్లయితె మన ఎద్దును గూడ తోల్కపోదాం చంద్రపూర్‌కు," అన్నాడు సమ్మన్న. "ఒక్క బస్తా లేపు, నమ్ముత."

ఆమె నవ్వి లేపింది. ఇంకొకటి లేపితే మీ సారును కూడా నమ్ముతానన్నాడు. అట్లా మాటకొక బస్తా. చీకటి పడేసరికి బస్తాలన్నీ ఇంట్లోకి చేరి కల్లం ఖాళీ అయింది. వాన రానేలేదు.

చంద్రపూర్‌లో పోటీ రోజు స్వాతి బరువుల కడ్డీ భుజాల మీద పెట్టుకుని, గుంజీలు తీసినట్టు కిందికి కూర్చుని లేవబోయింది. తాలీమ్‌లో నవ్వుతూ లేచిన బరువే. సగం దాకా వచ్చి మోకాళ్లు వణికాయి, ఆగిపోయాయి. రెండోసారీ అంతే. మూడోసారి కిందనే ఉండిపోతే పక్కనున్నవాళ్లు కడ్డీ పట్టుకున్నారు. మూడూ పోయాక పోటీలో ఉండనివ్వరు.

ఈ వారం ఏం చేశావని సారు అడిగాడు. స్వాతి ఒకసారి తనతో వచ్చిన మామ వంక చూసింది.

"ఏం జెయ్యలె సార్. రెస్టే తీస్కున్న."

"రెస్టు తీస్కున్నంక గూడ లేస్తలేవంటె, నీ బలం గింతే బిడ్డా. ఇగ ఇంకొకర్ని తయారు జేస్కుంట," అన్నాడు సారు.

సమ్మన్న సారుకు అడ్డం వచ్చాడు. "సారూ, తప్పు నాది. కల్లంల బస్తాలన్నీ నేనే మోయించిన."

"ఈడ గూడ పరాష్కాలేనా సమ్మన్నా?" అని సారు సామాను సర్దుకోవడానికి వెళ్లిపోయాడు. సమ్మన్న వెంటపడి ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన వెనక్కి తిరగలేదు.

ఊరికి తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఆష్టిలో బస్సు ఆగింది. సమ్మన్న రెండు చాయ్‌లు పట్టుకుని ఆమె కిటికీ కింద నిలబడ్డాడు.

"బస్తాలు రేపు మిల్లుకు పంపాల్నని అమ్మ అన్నది," అంది స్వాతి. "పొద్దుగాల నన్ను లేపు మామా."

"జర పండుకో బిడ్డా. నేను మోస్త."

"ఇగ రెస్టెందుకు?"

డ్రైవర్ హారన్ కొట్టాడు. సమ్మన్న రెండు గ్లాసులూ అట్లాగే తిరిగిచ్చేసి, బస్సెక్కి ఆమె పక్కన కూర్చున్నాడు.