బేరమాడని మేష్టారు

శివప్రసాద్ గారు అమలాపురంలో ఇంగ్లీషు లెక్చరరుగా రిటైరయ్యారు గానీ పాఠం చెప్పడం మానలేదు. వినేవాడు దొరికితే చాలు, ఒక మాట పట్టుకుని దాని ముత్తాత దాకా వెళ్ళిపోతారు. అన్నిటిలోకీ ఆయనకిష్టమైన మాట ‘చీప్’. వెయ్యేళ్ళ కిందట ఇంగ్లీషు వాళ్ళు ఆ మాటను బేరానికీ సంతకీ వాడేవారు. ఒకప్పుడు సంత జరిగిన లండన్ వీధికి చీప్‌సైడ్ అనే పేరు ఇప్పటికీ ఉంది. ధర కలిసొస్తే ‘గుడ్ చీప్’ అనేవారట, అంటే మంచి బేరమని. వాడగా వాడగా ముందున్న గుడ్ ఊడిపోయింది, వెనకాల ఒట్టి చీప్ మిగిలింది. అది మొదట చవక అయింది, తరవాత నాసిరకం అయింది, ఆఖరికి తిట్టయి కూర్చుంది.

ఇంతవరకూ నిజమే. అయితే మాట దిగజారింది కాబట్టి బేరమాడే మనిషి కూడా దిగజారిన మనిషేనని ఆయన సొంతంగా ఒక తీర్మానం చేసుకున్నారు. అది ఏ నిఘంటువులోనూ లేదు.

ఆ తీర్మానం బరువంతా భార్య కాంతం గారి మీద పడింది. ఆవిడ ముక్తేశ్వరం ఆడపడుచు. వంకాయలు కొన్నా బేరమే, కొబ్బరి దింపు అమ్మినా బేరమే. రొయ్యలమ్మే ఆవిడతో ఈవిడ మాట కలపగానే మేష్టారు నాలుగడుగులు దూరం జరిగి, ఎవరో తెలియనట్టు నిలబడేవారు. ఆవిడ చూసేది, ఊరుకునేది.

రిటైరయ్యాక మామిడికుదురు దగ్గర స్థలం కొని ఇల్లు కట్టారు. కొన్నది మేష్టారే. అమ్మినవాడు చెప్పిన ధరకు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. బేరమంటూ జరిగి ఉంటే పది మాటలు నడిచేవి, ఆ పది మాటల్లో ఆ స్థలానికి దారి లేదన్న సంగతీ బయటపడేది. ఇల్లు మాత్రం దివ్యంగా ఉంది. లోపలికి రావాలంటే పొలాలకు నీళ్ళు పారే పంట బోదె మీద అడ్డంగా వేసిన తాటి పట్టె మీదుగా నడవాలి. వానాకాలంలో ఆ పట్టె మీద కాకులు కూడా ఆలోచించి వాలతాయి.

ఇంటికీ రోడ్డుకీ మధ్య సన్నటి పట్టీ లాంటి నేల ఉంది, దాని మీద రెండు కొబ్బరి చెట్లున్నాయి. అది ఆ ఊరి రైతు తాతాజీ గారిది. అది కొనుక్కుంటే దారి వచ్చేస్తుంది. ఆ బేరం కాంతం గారు మొదలెట్టి రెండేళ్ళయింది. తాతాజీ గారు వస్తారు, కాఫీ తాగుతారు, ఆకాశంలో ఉన్న ధర ఒకటి చెబుతారు. ఆవిడ నవ్వుతుంది. ఆయనా నవ్వుతారు. “మీరు కాదంటే ఇంకెవరికిస్తానండి అమ్మాయిగారూ” అంటూ లేస్తారు. మరుసటిసారి ఆ ధర కొంచెం కిందికి దిగి వస్తుంది. మేష్టారికి ఇదంతా పరమ రోతగా ఉండేది.

ఇంతలో కాంతం గారి మోకాలికి కాకినాడలో ఆపరేషనయింది. అక్కడే కూతురు కుసుమ ఇంట్లో ఉండి కోలుకుంటోంది. తాటి పట్టె ఎక్కితే మళ్ళీ నా దగ్గరికే వస్తారని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆవిడ ఇంటికి రావాలంటే దారి కావాలి, అదీ ఈ నెలలోనే కావాలి. కొబ్బరి దింపు కోసం ముందుగా ఊరికొచ్చిన భర్తకు ఆవిడ ఫోన్ చేసింది.

“తాతాజీ బాబాయిగారు వస్తారండి. ఈసారి తేల్చేసేలా ఉన్నారు. కాఫీ ఇవ్వండి. ధర చెబితే నవ్వండి. ఇంకో మాట అనకండి, మిగతాది నేను ఫోన్లో చూసుకుంటాను.”

“నవ్వడానికి నేనేమన్నా కోతినా?” అన్నారు మేష్టారు, ఫోన్ పెట్టేశాక.

తాతాజీ గారు సాయంత్రం వచ్చారు. అమ్మాయిగారి మోకాలి గురించి అడిగారు, కొబ్బరికి వచ్చిన తెగులు గురించి చెప్పారు, సగం కాఫీ తాగి నెమ్మదిగా ధర వదిలారు. అది ధర కాదు, పలకరింపు. కాంతం గారైతే దానికి తగిన పలకరింపు తిరిగి పలికేది.

మేష్టారు నిటారుగా కూర్చున్నారు. “సరేనండి. మీరెంతంటే అంతే. నేను బేరాలాడే మనిషిని కాను. రేపే రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం.”

తాతాజీ గారి చేతిలో కప్పు ఆగిపోయింది. “ఆయ్... అంటే, ఏదో కొంచెం తగ్గించమంటారేమోనని చెప్పేనండి.”

“ఒక్క రూపాయి తగ్గించక్కర్లేదు.”

ఆయన మిగతా కాఫీ తాగలేదు. “మా గంగబాబునోమాటు అడిగి చెబుతానండి అల్లుడుగారూ” అని లేచారు. వెళుతూ వెళుతూ తన నేల మీద ఆగి, మడమతో రెండుచోట్ల తొక్కి చూసుకున్నారు. మేష్టారు అది చూశారు గానీ, ముసలాయనకు కాలు దురద పెట్టిందేమో అనుకున్నారు.

ఆ ఊళ్ళో ధర్మరాజు అనే ఆసామి ఉన్నాడు. ఆయన తోటను ఎవరో ఒకాయన వచ్చి బేరమాడకుండా కొన్నాడు. ఏడాది తిరక్కుండా గ్యాసు పైపులైను అటే వచ్చింది, పరిహారం కొన్నవాడి చేతిలో పడింది. నేల కింద గ్యాసు ఉన్న సీమే కాబట్టి అప్పటి నుంచీ ఆ చుట్టుపక్కల ఒకటే లెక్క: బేరమాడనివాడికి భూమి లోపల ఏముందో తెలుసు. చదువుకున్నవాడు బేరమాడలేదంటే మరీ ఖాయం.

తెల్లారేసరికి ఆ నేల చుట్టూ కొబ్బరి మట్టలతో దడి కట్టి ఉంది. తాతాజీ గారి కొడుకు గంగబాబు గునపం పట్టుకుని నిలబడి, ఎంతో మర్యాదగా దణ్ణం పెట్టాడు.

“నాన్నగారు అమ్మొద్దంటున్నారండి.”

“అక్కడ గ్యాసు లేదయ్యా,” అన్నారు మేష్టారు. సంగతి పొద్దున్నే టీ కొట్టు దగ్గర విన్నారు.

“గ్యాసని మేమనలేదు కదండి. మీరే అన్నారు.”

ఆ జవాబు విని మేష్టారు వెనక్కి తిరిగారు. నేరుగా తాతాజీ గారింటికెళ్ళి, అరవై దాటిన జీవితంలో మొట్టమొదటిసారి బేరమాడారు. అదీ ఎంత అధ్వాన్నంగా ఆడారంటే, ఎంత తగ్గించాలో అంకె కూడా చెప్పలేదు. “పోనీ... కొంచెం తగ్గించి ఇస్తారాండి” అన్నారు.

తాతాజీ గారు జాలిగా చూశారు. “నిన్న అక్కర్లేదన్న మనిషి ఇవాళ తగ్గించమంటున్నారంటే, మాకు అనుమానం పోగొట్టడానికే కదండి. చదువుకున్న ఆలోచన. అది మాకెక్కడొస్తుందండి. కాఫీ తాగి వెళ్ళండి.”

మేష్టారు ఒట్టు వేశారు. ఒట్టు వేసినకొద్దీ అక్కడ గ్యాసు పెరిగింది. వారం తిరిగేసరికి ఊరంతా ఆ రెండు చెట్ల వైపు భక్తిగా చూస్తోంది. కాంతం గారి ఫోన్ తాతాజీ గారు ఎత్తడం మానేశారు, మేష్టారేమో ఆవిడ వచ్చేలోగా దారి తేలిపోతుందని దాటేశారు.

కాంతం గారు వచ్చిన రోజు కారు బోదె అవతల ఆగింది. వాన పడి తాటి పట్టె నున్నగా ఉంది. కుసుమ తల్లిని పట్టుకుని నిలబడింది, ఏం చేయాలో తోచలేదు. దడి లోపలి నుంచి తాతాజీ గారు చూసి కేకేశారు. “ఒరే గంగబాబూ, అమ్మాయిగారు పడిపోతారు. కుర్చీలో కూర్చోబెట్టి మొయ్యండిరా.” దారి ఇవ్వరు గానీ మనిషిని కింద పడనివ్వరు, మర్యాద తెలిసినవాళ్ళు. గంగబాబూ ఇంకొకతనూ లుంగీలు ఎగగట్టి, మోకాలి లోతు బురదలో దిగి, ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడను మోసుకొచ్చి వరండాలో దించారు. అటూ ఇటూ గట్ల మీద జనం నిలబడి చూశారు. ఆవిడ దారి పొడుగునా కళ్ళు మూసుకునే ఉంది. అలా ఎవరి చేతా మోయించుకున్న మనిషి కాదు.

అందరూ వెళ్ళాక ఆవిడ అడిగింది. “నవ్వమన్నాను కదండీ. ఏమన్నారు?”

మేష్టారు అన్నదంతా చెప్పారు. దాచుకోవాలనిపించింది గానీ దాచలేకపోయారు.

ఆవిడ మోకాలు నిమురుకుంది. “రెండేళ్ళండి. ఆయనకి నేనంటే నమ్మకం కుదరడానికి రెండేళ్ళు పట్టింది. ఈ నెల ఇచ్చేసేవారు.”

“నేను మళ్ళీ మాట్లాడతాను కాంతం.”

“వద్దండి.” ఆవిడ గోడ పట్టుకుని లేచింది. “సోమవారం డాక్టరు గారు రమ్మన్నారు. కుర్చీ మొయ్యడానికి ఎవర్నన్నా కూలికి మాట్లాడండి. వాళ్ళెంతంటే అంతే ఇచ్చేయండి. మీరు బేరాలాడే మనిషి కారు కదా.”