ప్రసన్నకుమారి నానబెట్టిన పొర

ప్రసన్నకుమారి పటకారుతో పొరను ద్రావణంలోంచి ఎత్తి, కుళాయి కింద పెట్టి అటూ ఇటూ తిప్పింది. వాయువులను వడగట్టే తెల్లటి పొర, అరచేతికన్నా కొంచెం చిన్నది. నంద్యాలలోని ఆ ఇంజినీరింగ్ కళాశాల ప్రయోగశాలలో సహాయకురాలిగా ఆమెకు ఇది ఆఖరి రోజు. జుట్టు నెరిసింది. వేళ్ల చివర్లు రసాయనాలకు పాలిపోయి పగుళ్లు బారాయి.

"అయ్యో, నీళ్లు తగలగూడదని చెప్పినా కదక్కా!" పరిశోధన చేస్తున్న ప్రణతి పరుగున వచ్చింది.

ఇన్నాళ్లూ పొరలు నానబెట్టడానికి వాడినవి నూనెల్లాంటి ద్రావణాలు. పైజిడ్డును నీళ్లతో కడిగేసినా లోపలిది కదిలేది కాదు. కాకపోతే వాయువు తగిలిన కాసేపటికే ఆవిరైపోయేవి. ఈ కొత్తది ఆవిరి కాదు, కానీ నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది. ప్రణతి చెప్పింది, తను తలాడించింది. అయినా చెయ్యి తన పని తాను చేసేసింది.

"నా చేతులిరగ! మతి యాడ పెట్టుకున్నానో పాపా."

"పోనీలేక్కా. ఇంకో పొర నానేద్దాం."

నానడానికి మధ్యాహ్నం దాకా పడుతుంది. ప్రసన్నకుమారికి ఏడుపొచ్చింది. ఎందరి ప్రయోగాలకో గాజుసామాను కడిగింది, పొరలు నానబెట్టింది. ఫలితం వచ్చే వేళకు ఎప్పుడూ తొట్టి దగ్గరే ఉండేది. పిలిచి చూపించాలని ఎవరికీ తోచలేదు. ప్రణతి ఒక్కతే, "ఈసారి నా పక్కన కూచోని చూడక్కా" అంది. అందుకనే ఇవాళ కొత్త చీర కట్టుకొచ్చింది. తీరా ఆ అవకాశాన్ని తన చేతులతోనే నీళ్లపాలు చేసుకుంది.

రెండో పొరను బిగించేసరికి ఎండ కిటికీ దిగింది. ఈథేన్, ఇథిలీన్ కలిసిన వాయువు సన్నగా పారడం మొదలైంది. పొరలోని ద్రవం ఇథిలీన్‌ను మాత్రమే అవతలికి దాటనివ్వాలి. ఎంత దాటిందో చూపే గీత కంప్యూటర్ తెరమీద ఇంకా నేలబారుగానే ఉంది. ప్రసన్నకుమారి పదేపదే గడియారం చూసింది. ఆళ్లగడ్డలో పక్షవాతంతో మంచానపడ్డ భర్త దేవరాజు దగ్గర పక్కింటి మరియమ్మ సాయంత్రం వరకే ఉంటుంది.

"ఇంకొంచేపుండక్కా."

"బస్సు పోతే ఆయప్పకు బువ్వ పెట్టేదెవరు? నువ్వు చూడు పాపా. పోయొస్తా."

కష్టంగానే ఉంది, అయినా తెల్లకోటు విప్పుతూ లేచింది. తొట్టి దగ్గర కాసేపు నీళ్ల చప్పుడైంది. తర్వాత తలుపు మెల్లగా మూసుకుంది.

వెలుతురు తగ్గాక గీత లేచింది. ఇథిలీన్ దాటుతోంది, ఈథేన్ ఆగిపోయింది. ప్రణతి ఊపిరి బిగబట్టి చూసింది. లేచిన గీత దిగలేదు.

"అక్కా, చూద్దువు రా!" ఆమె వెళ్లిపోయిందన్నది మరిచి సంబరంగా తొట్టివైపు తిరిగింది.

అక్కడ మేకుకు ఉతికి ఆరేసిన తెల్లకోటు, అంచుల నుంచి ఇంకా నీళ్లు కారుతూ.