నిండుకుంది

"పంచదార నిండుకుందండీ" అన్నాను పొద్దున్నే. పేపరు చదువుకుంటున్న ఆయన తలెత్తకుండా "మంచిది" అన్నారు. ఎప్పుడూ అంతే. పప్పు నిండుకుందంటే "సంతోషం", సబ్బులు నిండుకున్నాయంటే "సరే సరే". నా మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారనుకుని, సంచి నేనే తీసుకుని బయల్దేరడం అలవాటు చేసుకున్నాను. ఆ పూట కూడా వెళ్ళి తెచ్చుకున్నాను. సాయంత్రం ఆయన ఆఫీసు మేనేజరు టీకి వస్తానన్నారు మరి.

ఆ మాట నాకు నేర్పింది అత్తగారు. కాపురానికొచ్చిన కొత్తలో "ఉప్పు అయిపోయింది" అన్నానని ఆవిడ నా నోరు నొక్కినంత పని చేశారు. "ఇంట్లో ఆ మాట అనకూడదమ్మాయ్. నిండుకుంది అనాలి." ఖాళీ డబ్బా చేత్తో పట్టుకుని నిండుకుందనడానికి మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఆ మాట నాలుక్కి అతుక్కుపోయింది. ఇప్పుడు ఆఫీసు ప్రింటర్లో కాగితాలు లేకపోయినా నిండుకున్నాయనే అంటాను.

నా ఉద్యోగం ఇళ్ళ బొమ్మలు గియ్యడం. కట్టబోయే ఇల్లు కట్టాక ఎలా ఉంటుందో కంప్యూటర్లో చేసి చూపించాలి. ఒక్కో బొమ్మ తయారయ్యేసరికి మెషిన్ కాలిపోతుంది, లోపలి ఫ్యాన్లు ఒకటే అరుపు. ఇంటికి తెచ్చుకున్న పని ముందు కూర్చుంటే హాల్లోంచి ఆయన కేకేసేవారు. "ఏమోయ్, ఆ గోల ఆపు. వార్తలు వినపడి చావట్లేదు." ఆ టీవీ గోల మధ్యే నేను వంట చేసి, పిల్లదాని చేత పాఠాలు చదివించి, నా పనికి కూర్చునేదాన్ని. ఆ సంగతి ఆయనకి తట్టలేదు, నేనూ చెప్పలేదు. చప్పుడు చెయ్యకుండా చాకిరీ చెయ్యడం ఎలాగా అని వెతికాను. ఆడదానికి అదేం కొత్త విద్య కాదు. వెతగ్గా దొరికింది, నీళ్ళతో చల్లబరిచే కంప్యూటర్.

వేడెక్కే చోట ఒక రాగి బిళ్ళ, దాని మీదుగా నీళ్ళు పారే గొట్టం, నీళ్ళని తిప్పే చిన్న పంపు, కారులో ఉండేలాంటి ఒక రేడియేటర్. చెప్పుకోవడానికి ఇంతే. చెయ్యబోతే తెలిసింది. అద్దంలాంటి ఆ గొట్టాన్ని వేడి గాలితో మెత్తబరిచి, లోపల రబ్బరు తాడు పెట్టి వంచాలి. తాడు పెట్టకపోతే మడత దగ్గర నొక్కుకుపోతుంది. తొందరపడితే బుడగలొస్తాయి, ఆలోచిస్తూ కూర్చుంటే గట్టిపడిపోతుంది. ఎన్ని గొట్టాలు పారేశానో, ఎన్నిసార్లు వేళ్ళు కాల్చుకున్నానో. బాణలి అంటుకుని చెయ్యి కాలితే ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ కాలితే మాత్రం "నీకెందుకొచ్చిన తద్దినం!" నా జీతంతోనే కొనుక్కున్నా, ఒక్కో పెట్టె ఇంటికొచ్చినప్పుడల్లా దొంగసొత్తు దాచినట్టు మంచం కిందికి తోసేదాన్ని. నాకిది ఇష్టం అని పైకి చెప్పుకోవడానికి చాలాకాలం సిగ్గుపడ్డాను. ఎందుకు సిగ్గుపడాలో ఇప్పటికీ తెలీదు.

కానీ ఆ సుఖం! నీళ్ళు పోసి, పెట్టెని పసిపిల్లని జోకొట్టినట్టు అటూ ఇటూ ఒంచుతూ, గొట్టాల్లో ఇరుక్కున్న గాలిని బయటికి పంపుతాను. గాలి ఉన్నంతసేపూ గుడగుడమంటుంది. ఆఖరి బుడగ పోగానే చప్పుడు ఆగిపోతుంది. నేను నోరు మూసుకోవడం వల్ల ఇంట్లో ఉండే నిశ్శబ్దం ఒకటుంది, ఇది దానికి దూరపు చుట్టం కూడా కాదు. మొదటిసారి అది విన్నప్పుడు అత్తగారు పక్కనే కుర్చీలో ఉన్నారు. "నిండుకుండ తొణకదంటే ఇదేనా అమ్మాయ్?" అన్నారు. ఆ ఇంట్లో నా పనిని చూసిన మొదటి మనిషి ఆవిడే.

మిగతావాళ్ళకది వేళాకోళం. "అందరి పెళ్ళాలూ గొలుసులడుగుతారు, మా ఆవిడ గొట్టాలడుగుతుంది" అని ఆయన చుట్టాల ముందు నవ్వించేవారు. ఆఫీసులో ఫోటో చూపిస్తే "మీ వారు భలే చేశారే" అన్నాడు పక్కసీటు మనిషి. అందుకే ఊళ్ళో ఇలాంటి కంప్యూటర్లన్నీ ఒక హాల్లో పెట్టి చూపిస్తారని తెలియగానే పేరిచ్చాను. ఎవరు చేశారన్న చోట నా పేరుంటుంది. ఆ ప్రదర్శన రేపే.

ఒక గొట్టం ఏ మూలో కాస్త వంకరగా ఉందని ఇవాళ మధ్యాహ్నం నీళ్ళన్నీ దించేసి దాన్ని మార్చాను. మళ్ళీ పొయ్యబోతుంటే మేనేజరు గారు, వాళ్ళావిడ వచ్చేశారు. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను.

"మేం ఇంట్లోనే తయారుచేశాం సార్" అంటున్నారు ఆయన హాల్లో. మేం! పాలు పొంగుతున్నాయి, నేను గిన్నె దించుతున్నాను. "ఏమోయ్, సార్ చూస్తారట. ఆన్ చేస్తున్నా" అని కేక.

"వద్దండీ! అందులో నీళ్ళు నిండుకున్నాయి!" అని అరిచాను.

పాల పొంగులో "వద్దు" కలిసిపోయిందేమో. "నిండుకున్నాయట సార్, అంతా రెడీ" అనడం మాత్రం నాకు వినపడింది. వెంటనే పంపు కీచుమంది. తడి లేకుండా తిరుగుతూ ఎండిన గొంతుతో అరిచినట్టు అరిచింది. పరిగెత్తుకెళ్ళి ప్లగ్గు పీకేసరికి కాలిన వాసన. మెషిన్ అప్పటికే వేడికి తనంతట తనే ఆగిపోయి బతికింది. పంపు పోయింది.

"ఇంట్లో చేసినవి అంతేనయ్యా" అన్నారు మేనేజరు గారు, జాలిగా.

"నువ్వేగా నిండుకున్నాయన్నావు!" అన్నారు ఆయన నాతో.

"నిండుకున్నాయంటే లేవని."

"లేకపోతే నిండుకోవడమేంటి? నిండుకోవడమంటే నిండా ఉండడం కాదూ?"

హాల్లో కుర్చీలో ఉన్న అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు, చిన్నప్పట్నుంచీ ఆయన ఆవిడ నోట విన్న మాటేగా అది. నాకు పొద్దుటి పంచదార గుర్తొచ్చింది. మంచిది. సంతోషం. సరే సరే. ఇన్నేళ్ళూ ఆయన విననే లేదనుకున్నాను. విన్నారు! నేను ఖాళీ అయిన డబ్బాలన్నీ చెప్తుంటే, మా ఇంట్లో అన్నీ నిండుగా ఉన్నాయని సంతోషించారు. ఒక్కసారైనా డబ్బా మూత తీసి చూస్తే తెలిసేది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు. నేను నేల మీద కూర్చుని స్క్రూలు విప్పి, కాలిన పంపు బయటికి తీశాను. ఆయన వెనకాలే నిలబడ్డారు. పాపం, బాధగానే ఉన్నారు. ఆ బాధ పోవడానికి ఆయనకొక దారి కావాలి, ఆ దారి ఎప్పుడూ నా మీంచే వెళ్తుంది.

"పోనీలెద్దూ. ప్రదర్శన వచ్చే ఏడాదీ ఉంటుంది. తీరిగ్గా మళ్ళీ చేసుకుందువుగాని. నీ ఓపిక నాకు తెలీదా?" అన్నారు. గడియారం చూసుకుని, "ముందు లేచి అన్నం పెట్టు" అన్నారు.

పంపు లేని పెట్టె మూత బిగించాను. తుడిచే గుడ్డ, గొట్టాలు, నీళ్ళ సీసా సంచిలో సర్దాను.

"పొద్దున్నే దీన్ని తీసుకుని హాలుకి వెళ్తున్నాను. అక్కడికొచ్చేవాళ్ళంతా ఇదే పిచ్చివాళ్ళు, ఎవరి దగ్గరో అదనపు పంపు ఉండకపోదు. దొరక్కపోతే ఆగిపోయిన మెషిన్నే పెట్టుకుని కూర్చుంటాను. వంట మీరు చేసుకోండి. ఇవాళా, రేపూ" అన్నాను.

"ఇంత చిన్నదానికా! నీ ఓపికంతా ఏమైంది?"

"నిండుకుందండీ."

ఆయన మొహం విప్పారబోయి ఆగిపోయింది. కాలిన పంపు వైపు చూశారు, నా వైపు చూశారు. పెళ్ళయ్యాక మొదటిసారి నా మాటకి అర్థం అడిగారు. "నిండుకుందంటే... ఏ నిండుకోవడం?"

ఇంట్లో ఆ మాట అనకూడదని నా నోరు నొక్కిన అత్తగారే కుర్చీలోంచి చెప్పారు.

"అయిపోయిందిరా."