వారంలో వచ్చే విద్య

అట్టపెట్టె అడుగు మడతలు ఒకదాని కిందికొకటి దూర్చి, మోకాలితో గట్టిగా అదిమి, మోతమ్మ టేపు లాగింది. కత్తెర ఎక్కడో పడిపోయింది. టేపు చివర పళ్ళతో తెంపింది. పెట్టెలో ఇటో థర్మోకోలు చెక్క, అటో చెక్క పెట్టి, నడుమ తెల్లటి వాష్‌బేసిన్‌ను దించి మూసేసింది. ఆరింటికి షిఫ్టు ఎక్కితే ఎనిమిదిన్నర అయ్యేసరికి ఇది ముప్పై ఎనిమిదోది.

"రిటైరయ్యే రోజు కూడా ఇంతలా ఒళ్ళు హూనం చేసుకోవాలా అక్కా? కాసేపు కూర్చోరాదూ," అంది ఎదురుబల్ల దగ్గర స్టిక్కర్లు అంటించే ఆవిడ.

"కూర్చుంటే నడుం పట్టేస్తుంది. తొమ్మిదింటికి ఎలాగూ పోవాలిగా."

"అయితే వెళ్ళడం ఖాయమేనన్నమాట. పెద్దవాళ్ళతో గొడవ నీకెందుకక్కా!"

"వెళ్ళకుండా ఉంటానా? ఈ రోజు కోసమే ఏడాదిన్నరగా కాచుకుని కూర్చున్నా," అంది మోతమ్మ, ఇంకో అట్టపెట్టె అందుకుంటూ.

మోతమ్మ అన్నది ఫ్యాక్టరీ పెట్టిన పేరు. అక్కడ బేసిన్లు, కమోడ్లు తయారవుతాయి. బట్టీలోంచి చల్లారి దిగిన ప్రతి బేసిన్‌నూ చెక్క సుత్తితో నాలుగు చోట్ల తట్టి, మోత విని, మంచిదో చెడ్డదో చెప్పడం ఇరవై ఆరేళ్ళపాటు ఆమె పని. మంచి బేసిన్ ఖంగుమంటుంది. లోపల పగులుంటే, అది కంటికి కనిపించకపోయినా సరే, గొంతు బొంగురుపోతుంది. ఆమె చెడ్డదన్నదాన్ని పగలగొట్టి చూస్తే వెంట్రుకంత గీత ఉండి తీరేది. ఆమె మంచిదన్నది ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. భర్తది అదే ఫ్యాక్టరీలో మట్టి నూరే మర దగ్గర ఉద్యోగం. చెవులు రెండూ ఆ మరకే అప్పజెప్పి ఆయన ముందే ఇల్లు చేరాడు. "కొంపకి రెండు చెవులు చాల్లెండి," అని ఆమె ఆయన్ని ఆటపట్టించేది. ఆ మాటైనా రెండుసార్లు అరిస్తే గాని ఆయనకు నవ్వు వచ్చేది కాదు.

రెండున్నరేళ్ళ కిందట మేనేజరు ఆమె బల్లకు ఒక మైకు బిగించి, పక్కన రెండు మీటలు పెట్టించాడు. మంచిదైతే పచ్చమీట, చెడ్డదైతే ఎర్రమీట. "రికార్డు కోసమమ్మా, నీ పని నువ్వు చేసుకుపో," అన్నాడు. ఎనిమిది నెలలు చేసుకుపోయింది. నలభై ఒక్క వేల బేసిన్లు తట్టింది, నలభై ఒక్క వేలసార్లు మీట నొక్కింది. తొమ్మిదో నెలలో రబ్బరు వేలున్న ఒక యంత్రం వచ్చింది. అదే తడుతుంది, అదే వింటుంది, అదే లైటు వేస్తుంది. మొదట్లో అది తప్పు చేస్తే ఆమెనే పిలిచి దిద్దించారు. పిచ్చిది, దగ్గర కూర్చుని మరీ దిద్దింది. తర్వాత ఒక సోమవారం వచ్చి చూస్తే ఆమె బల్ల లేదు. బల్ల ఉన్నచోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులున్నాయి. ప్యాకింగ్‌కి వెళ్ళమని వాచ్‌మన్ చేత చెప్పించారు.

కడుపు మండింది. ఆ మంట మీద నెయ్యి పోసినట్టు మూడు నెలలకు నోటీసుబోర్డు మీద ఫొటో ఒకటి వెలిసింది. పగుళ్ళను మోతతో పట్టే మెషిన్ లెర్నింగ్ పద్ధతికి పేటెంటు వచ్చిందట. కనిపెట్టినవాళ్ళు మేనేజరూ, ఇద్దరు ఇంజనీర్లూ అట. మోతమ్మ సిగ్గు విడిచి అడిగింది, "మరి నా పేరు సార్?" అని. మేనేజరు కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. "సుత్తి పట్టుకున్నవాళ్ళకి పేటెంటేంటమ్మా? ఇదంతా లెక్కలూ, కంప్యూటర్లూ. నీ బుర్రకెక్కదులే."

ఆ మాటను ఆమె మరిచిపోలేదు. మరిచిపోవాలని కూడా అనుకోలేదు. కట్టిన ప్రతి పెట్టెలో ఆ నవ్వును కూడా పెట్టి టేపు వేసింది.

అటువంటి సమయంలో ఆ పేటెంటును కొట్టెయ్యమని పోటీ కంపెనీ ఒకటి పేటెంటు ఆఫీసులో పిటిషను వేసింది. వాళ్ళ తరఫున ఒక కళ్ళజోడు లాయరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

"మనిషి బుర్రతో చేసే పనిని అలాగే తీసుకెళ్ళి కంప్యూటరుకి ఎక్కిస్తే పేటెంటు ఇవ్వకూడదమ్మా. ఒట్టి లెక్కకి ఇవ్వకూడదు, ఒట్టి ప్రోగ్రాముకి ఇవ్వకూడదు. మెషిన్ అంతకు మించి ఏదో చెయ్యాలి. ఈ పని బుర్రా, కాగితం, పెన్సిలు ఉంటే అయిపోయేదేనని మీరొచ్చి చెబితే వాళ్ళది నిలవదు," అన్నాడు.

"నిలవకపోతే ఆ మేనేజరు ఏమవుతాడు?"

"పేటెంటు పోతుంది. పరువూ పోతుంది."

"వస్తాను," అంది మోతమ్మ. కాఫీ కూడా ఇచ్చింది.

కాగితం మీద పెట్టడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఆమె చెప్తుంటే భర్త రాశాడు. మోత రెండు అంకెలు లెక్కపెట్టేదాకా నిలవాలి. నాలుగు మూలలా ఒకటే స్వరం రావాలి. జుమ్మని ఈగ మోత రాకూడదు. అంచు దగ్గర చప్పబడకూడదు. "ఇంతేనా?" అన్నాడాయన పెన్సిలు చెవి మీద పెట్టుకుంటూ. "ఇంతే!" అని ఆయన చెవిలో అరిచింది. ఇంతే కాదని ఆమెకు తెలుసు. ముసురు రోజుల మట్టి ఒకలా పలుకుతుంది, ఎండాకాలం మట్టి ఇంకోలా పలుకుతుంది. ఒక్కోసారి చెవి బాగానే ఉందంటుంది గాని, సుత్తి పట్టిన మణికట్టు ఒప్పుకోదు. దానికి ఆమె దగ్గర మాటల్లేవు. ఉన్నా రాయించేది కాదు.

చివరి రోజు తొమ్మిదింటికి ఆమె బయల్దేరి వెళ్ళిన పేటెంటు ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. గదిలో పొడుగాటి బల్ల, తాళ్ళు కట్టిన ఫైళ్ళ కట్టలు, ఏసీ కింద చుక్కచుక్కగా నిండుతున్న ప్లాస్టిక్ బకెట్టు ఉన్నాయి. బల్ల చివర అధికారిణి కూర్చుంది. జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ చేతిరుమాలు తీస్తోంది. మోతమ్మ చేత నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. కళ్ళజోడు లాయరు నాలుగు ముక్కలూ చదివించి కూర్చున్నాడు. ఇక కంపెనీ లాయరు లేస్తాడు, తనను అబద్ధాలకోరంటాడు, చదువు లేనిదంటాడు. దానికామె పొద్దుటినుంచీ నాలుక నూరుకుంటూనే ఉంది.

ఆయన లేచి ఆమెకు నమస్కారం పెట్టాడు.

"మేడమ్, ఈ అమ్మగారిలాంటి చెవి లక్షమందిలో ఒకరికి ఉండదు," అన్నాడు అధికారిణితో. "ఇరవై ఆరేళ్ళలో ఒక్క పొరపాటు లేదు. దీన్ని పని అనకూడదు, విద్య అనాలి. ఆవిడ రాయించిన ఆ నాలుగు ముక్కలు ఆవిడ విద్యలో వందో వంతు కూడా కాదు. మిగతాది ఎవరూ కాగితం మీద పెట్టలేరు, ఆవిడైనా సరే. అలా ఎవరికీ మాటల్లో దొరకనిదాన్ని మోతలోంచి లాగి పట్టుకుంది మా యంత్రం. అందుకే మా వాళ్ళది కొత్త ఆవిష్కరణ అంటున్నాం."

ఇరవై ఆరేళ్ళు ఆ ఫ్యాక్టరీలో ఎవరైనా ఒక్కసారి అంటారేమోనని మోతమ్మ ఎదురుచూసిన మాటలవి. పరాయి మనిషి నోట, నలుగురిలో, ఒక్కటి కూడా వదలకుండా వినిపించాయి. ప్రతి మాటా నిజం. ఆయనకు ఎదురు నమస్కారం పెట్టబోయింది. బల్లకు అవతల మేనేజరు తల ఊపుతున్నాడు.

"నిజమే మేడమ్. అమ్మగారు మా అందరికీ గురువులాంటివారు," అన్నాడు.

అమ్మగారు! పెట్టబోయిన నమస్కారం చప్పున దించేసింది.

"మీరు ముగ్గురికి ఈ విద్య నేర్పబోయారట కదమ్మా. ఒక్కరికైనా వచ్చిందా?" అన్నాడు కంపెనీ లాయరు, తేనె పూసిన గొంతుతో.

రాలేదు. ఒకామె పద్నాలుగు నెలలు పక్కన కూర్చుని, అరచేతులు కాయలు కాచేలా తట్టి, చివరికి ఏడ్చి వెళ్ళిపోయింది.

"వాళ్ళకి పని మీద శ్రద్ధ లేదండీ," అంది మోతమ్మ. "శ్రద్ధ ఉంటే వారంలో వస్తుంది."

"వారంలోనా!"

"ఇంకా ముందే వస్తుంది. మీరొచ్చినా నేర్పుతాను."

అధికారిణి పెన్ను దించింది. "అమ్మా, జాగ్రత్తగా చెప్పండి. మీరు ప్రమాణం చేశారు. ఈ నాలుగూ కాక మీ పనిలో ఇంకేమైనా ఉందా?"

మేనేజరు కుర్చీ అంచుకు జరిగాడు. ఉంది అన్న ఒక్క మాట చాలు ఆయనకు. ఆమె నోటి నుంచి వచ్చే మాట కోసం ఆయన అలా కాచుకోవడం మోతమ్మ ఎన్నడూ చూడలేదు. అలా ఇంకాసేపు కాచుకోనిచ్చింది.

"ఏమీ లేదండీ. చెయ్యీ, చెవీ ఉన్నవాళ్ళు ఎవరైనా చేస్తారు. అదీ ఒక విద్యేనా?"

తన విద్యను తనే తన్ని నలుగురిలో పడేసింది. నొప్పి పుట్టింది. కాని ఆ నొప్పిలో ఎంత హాయి ఉందో!

అధికారిణి చాలాసేపు రాసుకుంది. తీర్పు కాగితం మీద తర్వాత పంపుతానంది. "కాని ఒకటి స్పష్టం. సాక్షి బుర్రతో చేసిన నిర్ణయాన్నే ఇక్కడ కంప్యూటరు చేస్తోంది. అంతకు మించి ఏం చేస్తోందో పేటెంటులో ఎక్కడా కనిపించడంలేదు," అంది. మేనేజరు ముఖంలో నెత్తురుచుక్క లేదు. మోతమ్మ కళ్ళు ఆర్పకుండా చూసింది. ఆ ముఖం చాలాకాలం గుర్తుండాలి.

మెట్లు దిగుతుంటే కళ్ళజోడు లాయరు కాళ్ళు నేల మీద నిలవడంలేదు. "ఇక ఎవరైనా ఆ మెషిన్ పెట్టుకోవచ్చమ్మా. మా వాళ్ళు రేపే ఆర్డరిస్తారు!"

"మరి మీవాళ్ళ దగ్గర మోత చూసేదెవరు?"

"ఎవరో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఇక వాళ్ళతో పనేముంది?"

ఆ ఇద్దరి సంగతి ఆమెకు తట్టనే లేదు. బస్టాపు దాకా ఆలోచించింది. బస్సెక్కాక మానేసింది. ఇవాళ ఒకరి మీద జాలిపడే తీరిక ఆమెకు లేదు.

షిఫ్టు దిగడానికి పది నిమిషాలుందనగా ఫ్యాక్టరీకి చేరింది. గుర్తింపు కార్డు అప్పగించి సంతకం పెడితే ఉద్యోగం అయిపోయినట్టే. టైమాఫీసుకు యంత్రం పక్కనుంచే దారి. మేనేజరు అప్పటికే కార్లో వచ్చి అక్కడ నిలబడి ఉన్నాడు. టై వదులు చేసుకున్నాడు. చుట్టూ ఎవరూ లేరు. అమ్మగారన్న మాట మాయమైపోయింది.

"ఏం ఒరిగింది నీకు?" అన్నాడు.

"నాకు ఒరిగేదేముంది సార్? మీకేం మిగిలిందో చూసుకోండి."

ఆయనకు ఉక్రోషం తన్నుకొచ్చింది. "నాలుగు ముక్కలా? వారంలో వచ్చే పనా? అయితే ఇరవై ఆరేళ్ళు నిన్ను దేనికి మోశాం? ఎవత్తెను కూర్చోబెట్టినా సరిపోయేదిగా!"

ఎన్ని చేదుమాటలకైనా సిద్ధపడి వచ్చింది గాని, ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. తన నోటితో తనే చెప్పివచ్చిన మాట. మోతమ్మ జవాబు కోసం నోరు తెరిచింది.

బెల్టు మీద ఒక బేసిన్ వచ్చి ఆగింది. రబ్బరు వేలు నాలుగు చోట్ల తట్టింది. నాలుగూ ఖంగుమన్నాయి. నాలుగూ ఒకటే స్వరం. పచ్చలైటు వెలిగింది.

మూడో మోత తోకలో, అణిగిపోయే ముందు, చిన్న తడబాటు. కాగితం మీది నాలుగు ముక్కల్లో దేనికీ అది చిక్కదు. మైకుకూ చిక్కలేదు. ఆమె మణికట్టు మాత్రం ఒక్కసారి జలదరించింది. అడుగున, నీళ్ళు పోయే కన్నం పక్కన, గీత ఉంది. ఏడాది గడవకముందే ఎవరింటి గోడకో నిలువునా విచ్చుకుంటుంది.

ఆమె కుడిచెయ్యి దానంతటదే బెల్టు మీదికి లేచింది.

మేనేజరు అది చూశాడు. ఆయన కళ్ళలో ఏదో మెరిసింది. "ఏంటి? ఏమైనా వినపడిందా?"

ఒక్క మాట చాలు. ఆ బేసిన్ తీయించి, పగలగొట్టించి, గీత చూపించి, ఇదీ నా విద్య, ఎవత్తెకొస్తుందో చెప్పండి అని మొహాన కొట్టవచ్చు. ఇరవై ఆరేళ్ళ మీద పడ్డ మట్టి మొత్తం దులిపెయ్యవచ్చు. కాని ఆ మాటే పట్టుకుని ఆయన మళ్ళీ పేటెంటు ఆఫీసు మెట్లెక్కుతాడు. చూశారా మేడమ్, నాలుగు ముక్కలు కాదని ఆవిడే ఒప్పుకుంది అంటాడు. మోతమ్మ పళ్ళు బిగించింది. తెలిసి తెలిసి చెడ్డదాన్ని ఇంతవరకూ ఒక్కదాన్ని పోనివ్వలేదు. లేచిన చేత్తోనే నుదుటి చెమట తుడుచుకుంది.

"నాకేం వినపడుతుంది సార్? పచ్చలైటు వెలిగిందిగా. మంచిదే అయ్యుంటుంది."

బెల్టు కదిలింది. ఆమె టైమాఫీసులో కార్డు అప్పగించి, చూపించినచోట సంతకం పెట్టి, గేటు దాటింది. వాచ్‌మన్ పేపరు చదువుకుంటున్నాడు, తలెత్తలేదు.

ప్యాకింగులో స్టిక్కర్లావిడ ఆ బేసిన్‌ను పొడిగుడ్డతో తుడిచి, 'పరీక్షించబడినది' అన్న పచ్చ చీటీని దాని అంచుకు నున్నగా అంటించింది. ట్యూబులైటు కింద అది తెల్లగా, నిగనిగలాడుతూ, వీసమెత్తు మచ్చ లేకుండా ఉంది.