అరువు చేతులు

చెల్లెలు ఎవరి బొమ్మ వేసినా పాదాల దగ్గరే మొదలుపెడుతుంది. మనిషి బరువు ఏ కాలి మీద ఉందో తెలిస్తే నడుము తెలుస్తుంది, నడుము తెలిస్తే మెడ దానంతటదే వచ్చి కూర్చుంటుందని ఆమె ధీమా. ముందు బొగ్గుముక్కతో గీత, దాని మీద పల్చగా మట్టిరంగు, ఆ తర్వాత ముఖం. చేతులు మాత్రం అన్నిటికన్నా చివర. అప్పటికి ఎదురుగా కూర్చున్న మనిషి నడుం పట్టేసిందని లేచి ఇంటికి పోయేవాడు. చెల్లెలు వంటింటి వైపు తిరిగి, "అక్కా, ఒక్కసారి ఇలా రా!" అని కేకేసేది.

అక్క దర్జీ. ముందుగది కుట్టుమిషనుది, వెనకగది బొమ్మలది, మధ్యలో వంటిల్లు ఇద్దరిదీ. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఇద్దరూ ఆ ఇంట్లోనే జుట్టు నెరిపించుకున్నారు. తాళాలు చేసే పెద్దాయన బొమ్మకి పట్టకారు పట్టుకుని నిలబడింది అక్కే. నర్సు బొమ్మకి సీసా ఎత్తి పట్టుకుందీ అక్కే. "పొయ్యి మీద పాలున్నాయే, పొంగిపోతే నీ రంగునీళ్ళే తాగాలి," అని గొణుగుతూనే నిలబడేది.

అలాంటి అక్క యాభై దాటాక పెళ్ళి చేసుకుంది. వరుడు బస్సు డ్రైవరు, భార్య పోయినవాడు. సీట్లకు కవర్లు కుట్టించుకోవడానికి వచ్చి, కవర్లు అయిపోయాక కూడా రావడం మానలేదు. చెల్లెలే నవ్వుతూ సాక్షి సంతకం పెట్టింది. ఆదివారం పొద్దున అక్క సామాను కొత్త బావ ఊరికి వెళ్ళిపోతుంది. ఆ వారంలోనే ఊరి హాల్లో చెల్లెలి బొమ్మల ప్రదర్శన. ఇన్నేళ్ళకి మొదటిసారి గోడలన్నీ ఆమెవే. ఒక్క గోడ మాత్రం ఖాళీగా మిగిలింది.

"దాని మీద నువ్వుంటావు," అంది చెల్లెలు శనివారం మధ్యాహ్నం.

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా? మీ బావకి చెప్తాను ఉండు, నా చెల్లెలికి చూపొచ్చిందని."

అక్క మిషను ముందు కూర్చుంది. చెల్లెలి చెయ్యి హాయిగా సాగింది. మిషను తొక్కే కుడిపాదం, దాని మీదికి ఒరిగిన నడుము, దారం కొరకబోతున్నట్టు వంగిన మెడ, అన్నీ పిలిచినట్టే వచ్చాయి. ముఖం కూడా వచ్చేసింది. ఇక చేతులు. అవి కంఠతా వచ్చిన పాఠం. తలెత్తకుండానే, ఏదో పాట కూనిరాగం తీస్తూ వేసేసింది. వేస్తున్నంతసేపూ లోపల మాత్రం ఒకటే గుబులు. రేపట్నుంచి కేకేస్తే పలికేదెవరు? ఈ చేతులు లేకపోతే తన మనుషులందరూ మొండిచేతులతో మిగిలిపోరూ?

అక్క లేచి వచ్చి చూసింది. "అంతా బానే ఉంది. ఈ చేతులు ఎవరివే?"

"ఎవరివేంటి, నీవే."

"పెళ్ళికూతురి చేతుల్లా ఉన్నాయి."

"మరి నువ్వు పెళ్ళికూతురివేగా!"

అక్క నవ్వలేదు. తన చెయ్యి తీసుకెళ్ళి బొమ్మలో చెయ్యి పక్కన పెట్టింది. కణుపులు ఉబ్బి ఉన్నాయి. బొటనవేలు పూర్తిగా చాపడానికి రావడం లేదు. చూపుడువేలి కొన సూదిపోట్లకి కాయ కాసి గరుకుగా ఉంది. బొమ్మలో వేళ్ళు మాత్రం నున్నగా, నిటారుగా ఉన్నాయి.

"అటు చూడు. తాళాల పెద్దాయనకీ ఇవే, నర్సుకీ ఇవే. ఎవర్ని చూసినా నా పడుచునాటి చేతులే. నేను పట్టకారు పట్టుకుని కాళ్ళు లాగేలా నిలబడితే, నువ్వు అసలు నావైపు చూసేదానివా?"

చెల్లెలు గోడకు ఆనించిన బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూసింది. నిజమే. మనుషుల్ని చూసి వేస్తానని ఊరంతా చెప్పుకుంది.

"రేపు నువ్వెళ్ళిపోతే చేతులెలాగా అని దిగులుపడుతున్నానక్కా," అంది చివరికి.

"పిచ్చిమొహమా! ఆ చేతులు ఎప్పుడో వెళ్ళిపోయాయే. అవి లేకుండానే ఇన్నాళ్ళూ వేస్తున్నావు."

చెల్లెలు బట్ట తీసుకుని బొమ్మలో చేతులు తుడిచేసింది. "కూర్చో. ఊరికే కాదు, నిజంగా కుట్టు."

మిషను కదిలింది. ఈసారి కూనిరాగం లేదు. కణుపు దగ్గర చర్మం ఎర్రబడి, పక్కనే నీలిగా తేలడం చూసింది. వంగిన బొటనవేలే బట్టని ఎక్కువ గట్టిగా పట్టుకుంటోందని చూసింది. చూసిందే వేసింది. వెలుతురు తగ్గేవేళకి కుంచె కింద పెట్టింది.

"అయ్యో, ముసలిదాన్నయిపోయానే!" అంది అక్క.

"అయ్యావు."

"అదేదో కాస్త మెల్లగా చెప్పొచ్చుగా," అంటూనే బొమ్మ ముందు నుంచి చాలాసేపు కదల్లేదు.

ఆదివారం వ్యాను వచ్చింది. బావ మిషనుని చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తించాడు. అక్క గుమ్మం దాకా వెళ్ళి, పాలు పొంగించకు అని, తలుపు గడియ చూసుకో అని, మళ్ళీ వెనక్కొచ్చి పాల సంగతే ఇంకోసారి చెప్పి వెళ్ళింది. వ్యాను మలుపు తిరిగింది. ముందుగదిలో మిషను కాళ్ళు ఒత్తుకున్న గుంటలు మాత్రం మిగిలాయి. చెల్లెలికి అక్కడే కూలబడి ఏడ్వాలనిపించింది. కాస్త ఏడ్చింది కూడా.

తర్వాత వెనకగదిలోకి వెళ్ళి, తాళాల పెద్దాయన బొమ్మలో ఆరిపోయిన చేతుల్ని చాకుతో గీకి పారేసింది. ప్రదర్శన నాటికి కొత్త రంగు ఆరకపోతే తడిగానే హాల్లో తగిలిస్తుంది. ఎవరూ ముట్టుకోకుండా ఉంటే చాలు. బొగ్గుముక్క, కాగితాలు పట్టుకుని ఆయన కొట్టుకి నడిచింది.

"తాళంచెవి పోయిందా అమ్మా?"

"లేదు బాబాయ్, మీ చేతులు కావాలి."

ఆయన గబుక్కున చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు. "మురికిగా ఉన్నాయమ్మా."

"మురికితో సహా కావాలి. మీ పని మీరు చేసుకోండి."

ఆయన కాసేపు సందేహించి, ఆకురాయి అందుకుని తాళంచెవి పళ్ళు అరగదీయడం మొదలుపెట్టాడు. ఆమె అలాగే చూసి, ఉన్నట్టుండి పకపకా నవ్వేసింది. పెద్దాయనది ఎడమచేతి వాటం. ఇన్నాళ్ళూ ఇంట్లో బొమ్మలో ఆయన కుడిచేత్తో పనిచేస్తున్నాడు.

"ఏంటమ్మా నవ్వుతున్నావు?"

"ఏం లేదు బాబాయ్. మీరు కానివ్వండి," అంటూ మొదటిసారి ఆమె బొమ్మని పాదాల దగ్గర కాకుండా చేతుల దగ్గర మొదలుపెట్టింది.