కుటుంబం వద్ద భద్రంగా

"అమ్మా, నైజెల్ గారు గుడ్డు తినరట. ఇంకేదైనా పెట్టు" అని ముందుగదిలోంచి కేకేశాడు క్రెయిగ్.

గ్లెండా అప్పటికే గుడ్లు ఉడకబెట్టి, మయొనేజ్ కలిపి, సగం రొట్టెముక్కలకి రాసేసింది. వాటిని పక్కకి నెట్టి కీరా దోసకాయ తీసింది. వారం కిందట ఫోన్ చేసినప్పుడు కొడుకు, "నువ్వేం చెయ్యక్కర్లేదమ్మా, ఊరికే ఇంట్లో ఉంటే చాలు" అన్నాడు. ఊరికే ఇంట్లో ఉండటమంటే ముందుగది ఊడ్చడం, కిటికీలు తుడవడం, మోకాళ్ళు మొరాయిస్తున్నా మేడమీద బీరువా పైనుంచి గిటారు పెట్టె దించుకు రావడం, లండన్ నుంచి వచ్చే పెద్దమనిషికి ఏం తినిపించాలా అని ఆలోచించడం. డెబ్బై దాటినా ఆమె చేసే పనికి ఇంకా 'ఊరికే' అనే పేరే ఉంది. దోసకాయని తరుగుతున్న కత్తి చెక్కకి గట్టిగా తగులుతుంటే, కోపం వచ్చిందని తనకి అప్పుడు తెలిసింది.

ఆమె మాజీ భర్త, పాటగాడు టెర్రీ వేసీ కిందటి అక్టోబరులో చనిపోయాడు. హల్ పట్టణం పట్టణమంతా ఏడ్చింది. పబ్బుల్లో వారం రోజులు అతని పాటలే. రేవు దగ్గర గోడమీద అతని బొమ్మ గీశారు, మెడలో ఎర్ర గిటారుతో. ఆ గోడ పక్కనుంచే గ్లెండా రోజూ బస్సెక్కుతుంది. విడాకులై ఎన్నో ఏళ్ళైంది కాబట్టి ఆమెని ఎవరూ పలకరించలేదు. అంత్యక్రియలకి వెళ్తే వెనక వరసలో చోటు దొరికింది. ముందు వరసలో లండన్ భార్య, లండన్ స్నేహితులు, వాళ్ళ మధ్య నల్ల సూటులో క్రెయిగ్ కూర్చున్నారు. ఆ తండ్రి ఆ కొడుకు పుట్టినరోజుకి కార్డు పంపిన పాపాన పోలేదు. పోయాక మాత్రం కొడుక్కి నాన్న మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ ఎర్ర గిటారు కొన్నప్పుడు గ్లెండాకి ఇరవై ఏళ్ళు కూడా లేవు. టెర్రీ ఏ ఉద్యోగంలోనూ నెల నిలిచేవాడు కాదు. ఆమె హెసెల్ రోడ్డు చేపల షెడ్డులో హెర్రింగు చేపలు కోసి, ఎముకలు తీసి, ఐసు నీళ్ళలో చేతులు మొద్దుబారేదాకా పనిచేసి వాయిదాలు కట్టింది. సాయంత్రం ఇంటికొస్తే అత్తగారు ముక్కు మూసుకునేది. "ముందు ఆ చేతులు కడుక్కో పిల్లా, కంపు" అనేది. ఒకసారి గ్లెండా ఉండబట్టలేక, టెర్రీ కూడా కొన్నాళ్ళు షెడ్డుకి వస్తే వాయిదాలు తొందరగా తీరతాయి కదా అంది. అత్తగారికి ఎక్కడలేని ఆశ్చర్యం. "నా కొడుకు చేతులు చేపలు కొయ్యడానికి పుట్టలేదు" అంది. మరి నా చేతులో అన్న మాట గ్లెండా నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. ఆ ప్రశ్న ఇన్నేళ్ళుగా గొంతులోనే ఉండిపోయింది, గుచ్చుకున్న చేపముల్లులా.

తర్వాత టెర్రీ పాట రేడియోలో వచ్చింది. లండన్ వెళ్ళాడు. రెండు మూడు నెలలకోసారి వచ్చి, మాసిన బట్టలు మూటగా పడేసి, ఉతికినవి పట్టుకెళ్ళేవాడు. షెడ్డులో ఫోర్‌మన్, ఆలస్యమైందని తిట్టిన నోటితోనే "ఈసారి మీ ఆయన సంతకం తెచ్చిపెట్టు, మా అమ్మాయికి కావాలి" అనేవాడు. ఒక ఆదివారం లండన్ కారు వాకిట్లో ఆగింది. టెర్రీ కొత్త గిటార్లు, కొత్త బూట్లు, మంచి కోట్లు అన్నీ కారెక్కించాడు. ఎర్ర గిటారు మంచం మీదే ఉంది. "అది మర్చిపోయావు" అందామె, ఇంకా అమాయకంగా. అతను కారులో ఉన్నవాళ్ళకి వినపడేలా నవ్వాడు. "నువ్వే ఉంచుకో గ్లెన్. బట్టలారేసుకోడానికైనా పనికొస్తుంది." కారులోంచి ఒక ఆడమనిషి నవ్వు కూడా వినిపించింది.

ఆమె దానిమీద బట్టలారేయలేదు. పిల్లాడు పడుకున్నాక ఒళ్ళో పెట్టుకుని తీగలు మీటింది. ఎలక్ట్రిక్ గిటారుకి కరెంటు పెట్టకపోతే దాని గొంతు గదిలో సగం దూరం కూడా పోదు. పిల్లాడు లేవడు, పక్కింటివాళ్ళు గోడ బాదరు. మొదట్లో తీగలకి ఆడపిల్లల వేళ్ళు కోసుకుంటాయంటారు. గ్లెండాకి ఏమీ కాలేదు. షెడ్డు ఆమె వేళ్ళని ఎప్పుడో చెక్క చేసేసింది. నేర్పేవాళ్ళు లేరు. రేడియో విని, తప్పులు కొట్టి, మళ్ళీ కొట్టి నేర్చుకుంది. షెడ్డు మూతపడి బడిలో పిల్లలకి అన్నాలు వడ్డించే పనిలో చేరాక కూడా, క్రెయిగ్ పెరిగి పెళ్ళి చేసుకుని లీడ్స్ వెళ్ళిపోయాక కూడా, మధ్యాహ్నం ఇంటికొచ్చి చెప్పులు విడిచి కూర్చుంటే చేతులు దానికోసమే వెళ్ళేవి. వాయించగా వాయించగా కొన్ని వరసలు తనవే అయిపోయాయి. వాటికి పేరు పెట్టాలని ఆమెకి తోచలేదు. ఎవరైనా అడిగితే కదా పేరుతో పని.

ట్రే పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళేసరికి పెట్టె తెరిచి ఉంది. నైజెల్ పెంబర్టన్ తెల్ల చేతితొడుగులు వేసుకుని, గిటారుని అప్పుడే పుట్టిన బిడ్డలా ఎత్తి పట్టుకున్నాడు. లండన్‌లో టెర్రీ జ్ఞాపకార్థం పెడుతున్న ప్రదర్శనకి అతనే పెద్ద.

"చూడు క్రెయిగ్, ఇక్కడ చూడు" అంటున్నాడు. వేలితో గిటారు మెడమీద మెట్ల మధ్య చెక్కని చూపించాడు. చెక్క మీది మెరుపు పోయి, వేళ్ళు ఆనేచోట గుంటలు పడ్డాయి. "మనిషి ఎంత సాధన చేస్తే చెక్క ఇలా అరుగుతుంది? ఇవి మీ నాన్న వేళ్ళు. ఇది చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తోంది."

క్రెయిగ్ కళ్ళు తుడుచుకున్నాడు.

గ్లెండా ట్రే బల్లమీద దించి ఇద్దరికీ టీ అందించింది. టెర్రీ గిటారుని వదిలి వెళ్ళిననాటికి ఆ చెక్క అద్దంలా ఉండేది. ఆ గుంటలు తనవి. ఒక్కొక్కటీ తనది. తన వంట, తన ఉతుకుడు, తన వాయిదాలు తీసుకున్నారు, సరే. ఇప్పుడు ఎవరికీ వినపడకుండా తాను దాచుకున్నది కూడా వచ్చి అతని పేరున రాసేసుకుంటున్నారు. అదీ తన ఎదురుగానే, తను చేసిన టీ తాగుతూ!

"మిసెస్ వేసీ, మీకు చాలా కృతజ్ఞతలు" అన్నాడు నైజెల్, దోసకాయ రొట్టె అందుకుంటూ. "మీరు దీన్ని పారెయ్యకపోవడం మా అదృష్టం. గాజుపెట్టె పక్కన పెట్టే వివరం కూడా రాయించేశాం. చదవనా? 'టెర్రీ వేసీ మొదటి గిటారు. తొలి పాటలన్నీ దీనిమీదే పుట్టాయి. అప్పటినుంచి కుటుంబం వద్ద భద్రంగా ఉన్నది.'"

"కుటుంబం అంటే ఎవరు?" అంది గ్లెండా.

"అంటే... మీరే. మీరు, క్రెయిగ్."

"క్రెయిగ్ నేపీలు కట్టుకుని ఉన్నాడు అప్పటికి."

నైజెల్ నవ్వాడు, అది హాస్యం అనుకుని. క్రెయిగ్ మాత్రం తల్లిని ఓరగా చూశాడు. "అమ్మా, అన్నీ మాట్లాడేశాం కదా. ప్రదర్శన అయ్యాక వేలానికి వెళ్తుంది. అంతా నేను చూసుకుంటాను."

"ఎవరితో మాట్లాడేశావు?"

"నైజెల్ గారితో. నువ్వు ఊరికే బీరువా మీద పెట్టుకుని ఏం చేస్తావు? నువ్వేమన్నా వాయిస్తావా?"

కొడుకు ఆ ఇంట్లోనే పెరిగాడు. బడి నుంచి వచ్చేసరికి ఎన్నోసార్లు ఆమె ఒళ్ళో గిటారు ఉండేది. "అమ్మా, ఆకలి" అనేవాడు. ఆమె దాన్ని పక్కన పెట్టి లేచేది. వాడు చూసింది వంటింట్లోకి వెళ్తున్న తల్లిని. ఒళ్ళోంచి దించినదేమిటో వాడికి ఎన్నడూ కనపడలేదు.

పనిచేస్తుందో లేదో చూడాలని నైజెల్ తనతో తెచ్చిన చిన్న యాంప్లిఫయర్ ప్లగ్గులో పెట్టి, గిటారుకి వైరు తగిలించాడు. క్రెయిగ్ ఒకసారి తీగలన్నీ కలిపి లాగాడు. గదంతా మోగింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా కేరింతలు కొట్టారు. తర్వాత గిటారుని సోఫా మీద పెట్టి, దాన్ని తీసుకెళ్ళడానికి తెచ్చిన పెద్ద పెట్టె మొయ్యడానికి కారు దగ్గరికి వెళ్ళారు.

యాంప్లిఫయర్ సన్నగా గుయ్యిమంటోంది. గ్లెండా ఖాళీ కప్పులు తియ్యబోయి, ఆగి, సోఫాలో కూర్చుంది. గిటారు ఒళ్ళోకి తీసుకుంది. ఒక్క తీగ మీటింది.

ఆ శబ్దానికి ఆమె తనే ఉలిక్కిపడింది. తనకి తెలిసిన స్వరమే, అయితే ఇప్పుడది గోడలదాకా వెళ్ళి తిరిగొస్తోంది. తన వరసల్లో ఒకటి మొదలుపెట్టింది. మధ్యలో తప్పు దొర్లింది, ఆ తప్పు కూడా అంతే గట్టిగా వినిపించింది. సిగ్గుపడి ఆపెయ్యబోయింది. ఎందుకు ఆపాలి? మగవాళ్ళు తప్పులు కొట్టి, తాగి పడిపోయి, వేదికల మీద వాంతులు చేసుకుని కూడా గోడల మీద బొమ్మలయ్యారు. ఆమె పళ్ళు బిగించి మళ్ళీ మొదటినుంచి అందుకుంది. ఐసు నీళ్ళు, అత్తగారి ముక్కు, కారులోంచి వినిపించిన నవ్వు, అన్నీ వేళ్ళలోకి దిగాయి. కిటికీ అద్దం అదిరింది. పక్కింటివాళ్ళు గోడ బాదారు. ఆమె చెయ్యి చాపి శబ్దం పెంచింది.

మగవాళ్ళిద్దరూ గుమ్మంలో పెట్టె పట్టుకుని నిలబడిపోయారు.

"అమ్మా! ఏం చేస్తున్నావు? పాడైపోతుంది, ఆపు!" అని అరిచాడు క్రెయిగ్.

ఆమె ఆపలేదు. పాట ఎక్కడ అయిపోవాలో అక్కడే అయిపోయింది. చివరి స్వరం దానంతటది సన్నబడి పోయేదాకా అరచెయ్యి కూడా వెయ్యలేదు.

నైజెల్ పెట్టె కింద పెట్టాడు. అతని ముఖంలో రంగు మారింది. "ఇది... టెర్రీ పాటా? నేనెప్పుడూ వినలేదే ఇది."

"టెర్రీ కూడా వినలేదు" అంది గ్లెండా.

నైజెల్ చూపు మెల్లిగా మెట్ల మధ్య గుంటల మీదికి, వాటిమీద సరిగ్గా ఆనుకుని ఉన్న ఆమె వేళ్ళ మీదికి వెళ్ళింది. అతను తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు.

క్రెయిగ్‌కి ఇంకా బుర్రకెక్కలేదు. "అది సరేనమ్మా. ప్రదర్శన వాళ్ళకి మాటిచ్చాను. ఇప్పుడు వాళ్ళకి ఏం చెప్పమంటావు?"

"మీ నాన్న ఈ ఇంట్లో వదిలేసి వెళ్ళినవాటిలో మిగిలింది నువ్వొక్కడివే. కావాలంటే వెళ్ళి ఆ గాజుపెట్టెలో నువ్వు కూర్చో" అంది గ్లెండా. "వెళ్ళేటప్పుడు కప్పులు కడిగి వెళ్ళు. నాకు పనుంది."