అంచు దాకా

మా ఆవిడ ఏ పనీ అరకొరగా చెయ్యదు. ఈ మాట పొగడ్తగా మొదలుపెట్టినా ఫిర్యాదుగా ముగించాల్సి వస్తుంది, ఎందుకంటే ఆమెతో కాపురం చేస్తున్నది నేను. దుప్పటి అంచులు కలవకపోతే మడత విప్పేసి మళ్లీ మొదలుపెడుతుంది. నేను తుడిచిన బల్లను, నేను చూస్తుండగానే, మళ్లీ తుడుస్తుంది. ఇక దేవుడి పని అంటే చెప్పేదేముంది!

చర్చిలో నెలకోసారి అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్లకు ఏర్పాట్లన్నీ ఆమెవే. రొట్టె ముక్కలు కొయ్యడం, బొటనవేలంత గాజు గ్లాసులు కడిగి ట్రేలో పేర్చడం, వాటిలో ద్రాక్షరసం పొయ్యడం, అందరూ మోకరించే చోట ఉన్న చెక్క అడ్డం మీద తెల్లగుడ్డ పరచడం. ఆమె రసం పోసే పద్ధతి చూసి తీరాలి. ముందు సన్నమూతి కెటిల్‌తో పోస్తుంది. ఆ తరువాత, చంటిపిల్లలకు మందు వేసే గొట్టం తీసుకుని చుక్క చుక్కగా, రసం గ్లాసు అంచును తాకేదాకా నింపుతుంది. ఆ సమయంలో పక్కన నిలబడి గట్టిగా ఊపిరి తీసుకోవాలన్నా నాకు భయమే.

"కాస్త తగ్గిస్తే కొంపలేమైనా మునుగుతాయా?" అని ఒకసారి అడిగాను.

"ఇంటికొచ్చిన చుట్టానికే నిండుగా ఇస్తాం. దేవుడి బల్ల దగ్గర వెలితి పెడతామా?" అంది.

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది.

ఆ పని ఆమెకు అప్పగించింది మా అన్నయ్య. అంతకుముందు మా వదిన చేసేది. వదిన పోయాక, గ్లాసుల పెట్టె తనే మోసుకొచ్చి మా ఇంట్లో పెట్టాడు. "నీ చేతిలో శుభ్రం ఉందమ్మాయ్. ఇక ఇది నువ్వే చూసుకో" అన్నాడు. మా ఆవిడ ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆమె అంత శ్రద్ధగా గ్లాసులు నింపేది దేవుడి మీద భక్తితో ఎంతో, బావగారు తన మీద ఉంచిన నమ్మకం కోసం కూడా అంతే.

అన్నయ్య గడియారాలు బాగుచేసేవాడు. ఇప్పుడు దుకాణం కొడుకు చూసుకుంటున్నాడు. ఈ మధ్య అన్నయ్య చేతులు వెనక్కి కట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. పెద్దరికం వచ్చేసిందని నాలో నేను నవ్వుకున్నాను.

ఒక బల్ల ఆదివారం, ఆరాధన అయ్యాక చూస్తే తెల్లగుడ్డ మీద అరచేయంత మరక. మా ఆవిడ గుడ్డను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నలుగురూ వినేట్టు అంది: "ఎవరో గానీ మహానుభావులు! చిన్నపిల్లలు కూడా ఇంత ఒలకబొయ్యరు." చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్న అన్నయ్య మాత్రం తల ఎత్తలేదు.

ఆ తరువాత బల్ల ఆదివారం వచ్చేసరికి అన్నయ్య కనిపించలేదు. మోకాలి నొప్పి అన్నాడు. మరుసటి నెల జలుబు. ఆ పై నెల ఇంటికి ఎవరో వస్తున్నారన్నాడు. మిగతా ఆదివారాల్లో మాత్రం అందరికంటే ముందే వచ్చి కూర్చునేవాడు.

"బల్ల రోజు చూసుకునే వస్తుందటండీ ఆ మోకాలి నొప్పి?" అని మా ఆవిడ నన్ను నిలదీసింది. "ఆయన ప్రభువు బల్లకు దూరమైపోతున్నారు. తోడబుట్టినవాళ్లు, మీకు చీమ కుట్టినట్టయినా లేదు. పదండి, నేనే అడుగుతాను."

ఆమె వెళ్లింది మందలించడానికే. అన్నయ్య ఇంట్లో కూర్చోగానే కోడలు టీ తెచ్చింది. మా ఇద్దరికీ గాజు గ్లాసుల్లో నిండుగా ఉంది. అన్నయ్య ముందు పెట్టింది మాత్రం చెంబంత స్టీలు మగ్గు. అందులో టీ అడుగున ఎక్కడో ఉంది.

"అదేంటే, మీ మామగారికి అడుగూ బొడుగూ పోసుకొచ్చావ్?" అంది మా ఆవిడ.

"అది కాదు చిన్నత్తయ్యా..." అని కోడలు నసిగింది.

"నాకది చాలులే అమ్మాయ్" అన్నాడు అన్నయ్య, చేతులు ఒళ్లోంచి తియ్యకుండా.

"చాలడమేంటి బావగారూ, మీరేమైనా పరాయివాళ్లా?" అంటూ మా ఆవిడ తన నిండు గ్లాసు తీసి ఆయన చేతిలో పెట్టేసింది.

చెయ్యి ఒక్కసారిగా వణికింది. అన్నయ్య రెండో చెయ్యి కూడా అడ్డం పెట్టాడు. అదీ వణుకుతోంది. టీ వేళ్ల మీదుగా కారి పంచె మీదా నేల మీదా ఒలికింది. కోడలు పరుగున వచ్చి గ్లాసు అందుకుంది. గడియారంలో వెంట్రుకంత స్ప్రింగును పట్టి కూర్చోబెట్టిన చేతులవి.

అన్నయ్యే ముందు తేరుకున్నాడు. ఎప్పటిలా నవ్వడానికి ప్రయత్నిస్తూ, "చిన్నపిల్లలు కూడా ఇంత ఒలకబొయ్యరు కదమ్మా" అన్నాడు.

ఎత్తిపొడవాలని అనలేదు. మా అన్నయ్యకు అది చేతకాదు. అందుకే ఆ మాట అంత గట్టిగా తగిలింది. మా ఆవిడ కిందకు వంగి నేల తుడిచింది. ఒక్కసారే తుడిచింది.

ఇంటి తలుపు తీశాక అంది: "ఆ మరక ఆయనదేనండీ. నేను గుడ్డ చూశాను, గ్లాసు చూశాను. అది ఎవరి చేతిలోకి వెళ్తోందో చూడలేదు. అక్కయ్య పెట్టె నా చేతిలో పెట్టిన మనిషిని నేనే బల్ల దగ్గరనుంచి లేపేశాను." అప్పుడు ఏడ్చింది.

తరువాతి బల్ల ఆదివారం పొద్దున్నే చర్చికి వెళ్లాం. కెటిల్‌తో మా ఆవిడ మొదటి గ్లాసు సగం నింపి ఆగింది. చెయ్యి అలవాటుగా మళ్లీ గ్లాసు మీదికి వెళ్లింది. బలవంతాన వెనక్కి తీసుకుంది. ఆ సగం గ్లాసుల వరుసను చూస్తుంటే ఆమె ముఖం, ఊడ్వని ఇంట్లోకి చుట్టాలు వచ్చినట్టుంది.

"అన్నయ్యకొక్కడికీ తక్కువ పోస్తే సరిపోదా?" అన్నాను మెల్లగా.

"ఆ ఒక్క గ్లాసూ వేరుగా కనబడుతుంది. ఇక ఆయన జన్మలో రారు. మీరు వెళ్లి తీసుకురండి. గ్లాసుల సంగతి మాత్రం చెప్పొద్దు."

అన్నయ్య మొదట మోకాలు చూపించాడు. "మీ మరదలు రమ్మంది" అన్నాను. కాసేపు నా ముఖం చూసి చొక్కా మార్చుకున్నాడు. వచ్చి చివరి వరుసలో గోడ పక్కన కూర్చున్నాడు. పాస్టర్ గారు అందరినీ బల్ల దగ్గరకు పిలిచినా లేవలేదు. మనుషులు వెళ్తున్నారు, వస్తున్నారు. అన్నయ్య తల వంచుకునే ఉన్నాడు.

మా ఆవిడ ముందు వరుసలోంచి లేచి, అందరి మధ్యా నడుచుకుంటూ చివరిదాకా వెళ్లింది.

"రండి బావగారూ. మీతో కలిసే వెళ్దామని కూర్చున్నాను."

ఇద్దరూ పక్కపక్కన మోకరించారు. వాళ్లకు ఇవతల నేను. ట్రే వచ్చింది. అన్నయ్య చెయ్యి చాపబోయి ఆగాడు. ఒక గ్లాసు చూశాడు, పక్కది చూశాడు, ట్రే అంతా కలియజూశాడు. అన్నీ సగమే. మా ఆవిడ తల తిప్పలేదు. కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నట్టే ఉంది గానీ, ఆమె పెదవులు బిగుసుకుపోయి ఉన్నాయి.

అన్నయ్య గ్లాసు తీసుకున్నాడు. చెయ్యి వణికింది. రసం ఒక పక్క అంచు దాకా లేచింది, మళ్లీ కిందకు జారింది. ఒక్క చుక్క కూడా బయటకు రాలేదు. తాగి, ఖాళీ గ్లాసు గుడ్డ మీద పెట్టాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడని నాకు తెలిసింది.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద అయిన లెక్కల మాస్టారు మా ఆవిడను గుమ్మం దగ్గరే పట్టుకున్నాడు. ఆయనకు ఏదీ కంటబడకుండా పోదు.

"ఏంటమ్మా, ఈసారి రసం తగ్గింది? మీ చేతి కొలత తప్పడం ఇదే చూడటం."

మరొకప్పుడైతే ఆ మాటకు మా ఆవిడ వారం రోజులు అన్నం తినేది కాదు. చర్చి అంతా వింటోంది. ఆమె ముఖం ఎర్రబడింది.

"తప్పలేదండీ మాస్టారూ, ఇప్పటికి కుదిరింది. ఇక ఎప్పుడూ ఇంతే" అంది.

ఆయనకు అర్థం కాలేదు. అన్నయ్య చెప్పులేసుకుంటూ ఆ మాట విన్నాడు. ఈసారి తల ఎత్తి ఆమెను చూశాడు. మా ముందు మెట్లు దిగి వీధిలోకి నడిచాడు. చేతులు వెనక్కి కట్టుకోలేదు. రెండూ పక్కలకు వేలాడుతూ, అందరికీ కనబడేట్టే వణుకుతున్నాయి.